బాణం గుర్తు దాకా నీళ్ళు

కనకరత్నం బొటనవేలి గోటి మీద పాలచుక్క కదలకుండా నిలబడితేనే పాల వెంకట్రాజు ఆ గుమ్మంలో నిలబడగలడు. చుక్క జారిందా, ఇక ఆ పూట వీధి వీధంతా వినాల్సిందే. "ఏం వెంకట్రాజూ, నీ గేదె నిన్నంతా కాలవలోనే ఉందా?" అని మొదలుపెడుతుంది. అరవదు. మెత్తగా, నవ్వుతూనే, ఎదుటివాడికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా అడుగుతుంది. ఆ ఇంటికి పోసే పాలు వెంకట్రాజు వేరే క్యానులో తెస్తాడని పెదపాడులో చెప్పుకుంటారు. నిజమే అయ్యుండొచ్చు.

ఆవిడకి అనుమానం పుట్టుకతో వచ్చింది కాదు. పుట్టింది మెట్టలో, కామవరపుకోట దగ్గర. తండ్రి మొక్కజొన్న పండించేవాడు. దేవుడిలాంటి మనిషి, అంటే కాటా దగ్గర కబుర్లు చెబుతూ కూర్చునే రకం. ఒక ఏడు గింజలు తూస్తుండగా, పరికిణీ వేసుకున్న కనకరత్నం పక్కనే నిలబడి చూస్తోంది. కాటా పలకని కింద నుంచి కొనేవాళ్ళ మనిషి ఒకడు తూకం తగ్గేలా కాలి బొటనవేలితో ఎత్తి పట్టాడు. వెళ్ళి తండ్రి చెవిలో వేసింది. "ఛ, పెద్దవాళ్ళని అలా అనకూడదమ్మా" అన్నాడాయన. ఆ రోజుతో ఆవిడ నమ్మకాలకి తిలోదకాలిచ్చేసింది. ఇప్పటికీ ఎవరైనా ఏదైనా తూస్తుంటే ముందు వాళ్ళ కాళ్ళకేసి చూస్తుంది.

పెళ్ళై పెదపాడు వచ్చింది. మొగుడు లక్ష్మీనారాయణ కూడా తండ్రి లాంటివాడే దొరికాడు. ఎవరేం చెప్పినా "అలాగేనండీ" అనే మనిషి. వరిచేలు చేపల చెరువులయ్యాక మేత బస్తాలు దిగినప్పుడు ఆయన లారీ డ్రైవరుకి టీ ఇప్పిస్తే, ఈవిడ బస్తాలోకి చెయ్యి దూర్చి అడుగునుంచి గుప్పెడు తీసి వాసన చూసేది. "ఇంటికి ఒక్కరైనా అనుమానించాలి కదండీ. మీ వంతు కూడా నేనే చేస్తున్నాను" అనేది ఆయనతో. పోయేదాకా ఆయన దానికీ "అలాగే" అనేవాడు.

ఆ ఇంట్లో ఆవిడ మారుమాట లేకుండా నమ్మిన సంగతి ఒక్కటుంది. అది అత్తగారు నేర్పిన తరవాణి కుండ. అన్నం వార్చిన గంజి పోసి పులియబెట్టే కుండ. ఊళ్ళో అందరి ఇళ్ళల్లో కుక్కర్లు వచ్చి గంజి అనే మాటే పోయినా, ఈవిడ మాత్రం పట్టుబట్టి ఒక పూట అన్నం వార్చి ఆ కుండని నిలబెట్టుకొస్తోంది. పొద్దున్నే రెండు గ్లాసుల తరవాణి తీస్తే, రెండు గ్లాసుల కొత్త గంజి పొయ్యాలి. కుండ మెడ దగ్గర సున్నంతో ఒక గీత ఉంటుంది. మట్టం ఆ గీతకి తగ్గకూడదు. "మట్టం తగ్గితే తరవాణి చచ్చిపోతుందే, దాని బలమంతా నిండుగా ఉండడంలోనే ఉంది" అనేది అత్తగారు. ఆవిడ పోయి ఎన్నో ఏళ్ళయినా కుండ అలాగే ఉంది, గీత అలాగే ఉంది, పులుపు కూడా అలాగే ఉంది.

ఇక కోడలు భాగ్యశ్రీ. తాడేపల్లిగూడెం పిల్ల. ఏలూరులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. పొద్దున్నే స్కూటీ మీద వెళ్ళి సాయంత్రానికి వస్తుంది. మంచి పిల్లేనని అందరూ అంటారు. అందరూ అన్నారంటేనే కనకరత్నానికి అనుమానం. ఆ పిల్ల ఎప్పుడూ ఎదురు చెప్పదు. చెప్పకపోవడమేమిటి, లోపల ఏదో ఉండే ఉంటుందని ఈవిడ ఉద్దేశం. కొడుకు ఉదయ్ కిరణ్ చెరువుల మీదే ఉంటాడు. కాబట్టి పగలంతా రెండేళ్ళ మనవరాలు లహరి నాయనమ్మ చంకలోనే. ఈ లోకంలో కనకరత్నం గోటి మీద వేసి చూడకుండా గుండెకి హత్తుకున్నది ఏదైనా ఉందంటే ఆ పిల్లే.

కార్తీకం వెళ్ళిన కొత్తలో కొల్లేటి మీదనుంచి చలిగాలి మొదలైంది. లహరికి ముందు జలుబు చేసింది, తరవాత దగ్గు, ఆ వెనకే జ్వరం. పడుకుంటే గుండెల్లో పిల్లికూతల్లాంటి శబ్దం. అత్తాకోడళ్ళిద్దరూ ఏలూరులో పిల్లల డాక్టరు ఉషశ్రీ దగ్గరికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ గుండె మీద గొట్టం పెట్టి చూసింది. "కొంచెం నెమ్ము చేసిందండీ. మొదట్లోనే వచ్చారు కాబట్టి మందుతో తగ్గిపోతుంది. వారం రోజులు ఆపకుండా వెయ్యండి. తగ్గకపోతే మాత్రం ఆలస్యం చెయ్యకండి, ఆస్పత్రిలో పెట్టాల్సి వస్తుంది" అంది. బరువు తూయించింది. పది కిలోలు. తూస్తున్నప్పుడు కనకరత్నం నర్సు కాళ్ళకేసి చూసింది.

కిందే పాండురంగారావు మందుల షాపు. తాతల నాటి పచారీ కొట్టు, ఆయన హయాంలో మందుల షాపయింది. ఏ మాటైనా రెండుసార్లు చెప్పి, విన్నారా లేదా అని కళ్ళజోడు పైనుంచి చూసే అలవాటు ఆయనకి. చీటీ చదివి, చిన్న సీసా ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. అడుగున లేత గులాబీ రంగు పొడి ఉంది, నీళ్ళు లేవు.

"పూటకి ఐదు మిల్లీలీటర్లండీ. పొద్దున ఐదు, సాయంత్రం ఐదు."

కనకరత్నం కళ్ళు చిన్నవయ్యాయి. "ఏవండీ, ఇప్పుడే ఆ ముందావిడకి ఇదే మందు ఇచ్చారు. ఆ బాబు మా పిల్లంతే ఉన్నాడు. వాళ్ళకి రెండున్నరే అన్నారు. మాకు ఐదెందుకో?"

భాగ్యశ్రీ సిగ్గుతో "అత్తయ్యగారూ" అని చెయ్యి పట్టుకుంది. పాండురంగారావు మాత్రం ఇలాంటివాళ్ళని రోజూ చూసేవాడే. "వాళ్ళ సీసా వేరండీ. అందులో మందు చిక్కన, దీంట్లో పల్చన. మీ పాపది పది కిలోలు. కిలోకి రోజుకి నలభై మిల్లీగ్రాముల చొప్పున నాలుగు వందలు పడాలి. రెండు పూటలకి పంచితే పూటకి రెండు వందలు. ఈ సీసాలో ఐదు మిల్లీలీటర్లకి రెండు వందలుంటుంది, కాబట్టి ఐదు. వాళ్ళ సీసాలో రెండున్నరకే రెండు వందలుంటుంది, కాబట్టి రెండున్నర. చిక్కటి పాలైతే అరగ్లాసు, పల్చటి పాలైతే గ్లాసు. లోపలికి వెళ్ళే వెన్న ఒక్కటేనండీ."

"వాళ్ళకి చిక్కనిది ఇచ్చి మాకు పల్చనిది ఎందుకిచ్చారని అడుగుతున్నాను."

"డాక్టరుగారు అలా రాశారండీ."

ఇది సమాధానమేనా? కనకరత్నం ఈ సంగతి మనసులో ఒక మూల పెట్టుకుంది. ఆయన పక్కనున్న క్యాను నీళ్ళు చూపించి కలిపి ఇమ్మంటారా అంటే వద్దంది. ఆ నీళ్ళు ఎక్కడివో, ఎన్నాళ్ళవో.

"అయితే ఇంటికెళ్ళి మీరే కలపండి. కాచి చల్లార్చిన నీళ్ళు, ఇదిగో ఈ బాణం గుర్తు దాకా. పొడి తడవగానే మట్టం దిగుతుంది, మళ్ళీ గుర్తు దాకా పొయ్యండి. గుర్తుకి తగ్గకూడదండి. తగ్గకూడదు. వేసే ముందు బాగా కుదపండి, ఫ్రిజ్‌లో పెట్టండి. ఇది మూడు రోజులే వస్తుంది. మూడు సీసాలు తీసుకెళ్తే వారానికి సరిపోతుంది."

చిన్నపిల్లకి మూడు సీసాలు అంటగడుతున్నాడు చూశావా అని కోడలి చెవిలో అంది కనకరత్నం. "ఒక్కటి చాలండీ. అయ్యాక చూద్దాం" అని సీసా సంచిలో వేసుకుంది.

ఇంటికొచ్చి నీళ్ళు కాచి చల్లార్చి గుర్తు దాకా పోసింది. కుదిపింది. మట్టం దిగింది. ఆయన చెప్పినట్టే మళ్ళీ పోసింది. నిండుగా, గులాబీ రంగులో, ముద్దుగా ఉంది సీసా. మొదటి మోతాదుకి లహరి మొహం చిట్లించి సగం ఉమ్మబోతే ముక్కు పట్టుకుని మింగించింది. అంత చేదు. సీసాని స్టీలు డబ్బాలో పెట్టి, డబ్బాని ఫ్రిజ్‌లో వెనక్కి తోసి, కోడలితో చెప్పింది. "దీని జోలికి ఎవరూ రావద్దమ్మాయ్. రెండు పూటలా నేనే వేస్తాను. తలా ఒక చెయ్యి వేస్తే ఎవరు వేశారో ఎవరు వెయ్యలేదో తెలియదు." ఆ మాటలో న్యాయముంది. భాగ్యశ్రీ సరేనంది.

కొలవడంలో ఈవిడకి వంక పెట్టేవాడు పుట్టలేదు. చిన్న ప్లాస్టిక్ కప్పుని కిటికీ గట్టు మీద పెట్టి, వంగి, కళ్ళు గీతకి సమంగా తెచ్చి, ఐదు దగ్గరికి చుక్క ఎక్కువా కాకుండా తక్కువా కాకుండా పోసేది. రెండో రోజు పొద్దున డబ్బా తీస్తే సీసాలో మట్టం గుర్తుకి బాగా దిగువన ఉంది. ఆయన రెండుసార్లు చెప్పిన మాట గుర్తొచ్చింది. గుర్తుకి తగ్గకూడదు. పక్కనే చల్లార్చిన నీళ్ళున్నాయి. తరవాణి కుండలో గంజి పోసిన చేత్తోనే, గీత దగ్గర ఆగడం అలవాటైన ఆ చేత్తోనే, సీసాలో గుర్తు దాకా నీళ్ళు పోసి మూత బిగించి బాగా కుదిపింది. తీసినంత పోసింది. మట్టం నిండుగా ఉంది, ఆవిడ మనసూ నిండుగా ఉంది. అక్కడినుంచి రోజూ పొద్దున్నే ముందు కుండ, ఆ తరవాత సీసా.

మొదటి రోజు జ్వరం కాస్త జారింది. రెండో రోజు అలాగే ఉంది. మూడో రోజు సాయంత్రం మళ్ళీ ఒళ్ళు కాలింది.

ఇంకేముంది, కనకరత్నం అనుమానాల పుట్ట కదిలింది. ముందు పాల మీద పడింది. వెంకట్రాజు పాలలో కలిపే నీళ్ళు ఏ చెరువువో అని ఆ రోజు రెండు గోళ్ళ మీద చుక్క వేసి చూసింది. రెండు చుక్కలూ నిలబడ్డాయి. దాంతో ఇంకా ఒళ్ళు మండింది. తరవాత కోడలు పిల్లకి తలస్నానం చేయించిందేమోనని జుట్టు వాసన చూసింది. కోడలి బ్యాగులో ఐస్‌క్రీము కాగితాలున్నాయేమోనని చూసింది. చివరికి చూపు సీసా మీద పడింది. మొదట్లో ఉన్న గులాబీ రంగు వెలిసిపోయింది. పిల్ల ఇప్పుడు మొహం చిట్లించడం లేదు, చప్పరిస్తూ తాగి ఇంకా కావాలంటోంది. చేదు లేని మందు మందేనా? ఆ పాండురంగారావు పల్చటిది ఇచ్చాడంటే ఇచ్చాడు, అసలు మందే కాదేమో. లేకపోతే తను చూడనప్పుడు ఎవరో సీసా మార్చారేమో. ఎవరో అంటే ఇంట్లో ఇంకెవరున్నారు?

ఐదో రోజు పొద్దున పాలు పోయించుకుంటుంటే లోపల లహరి దగ్గు వినబడింది. దగ్గు కాదది, ఊపిరి తిప్పుకోలేని చప్పుడు. భాగ్యశ్రీ పిల్లని భుజాన వేసుకుని బయటికి వచ్చింది. రాత్రంతా నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అత్తయ్యగారూ, డొక్కలు ఎగరేస్తోంది. ఇక ఆగొద్దండీ, వెళ్దాం" అంది.

భయమేస్తే కనకరత్నానికి నోరు ఆగదు. "నిజం చెప్పమ్మాయ్. ఆ సీసా నువ్వు ముట్టుకున్నావా? ఫోన్లో చూసి ఇంకేదైనా మందు పట్టావా దానికి? నా చేత్తో కొలిచి వేసిన మందు ఎందుకు పనిచెయ్యదు? మందులో మార్పుంది. చేసినవాళ్ళు ఈ గడపలోనే ఉన్నారు."

వెంకట్రాజు పాల క్యాను పట్టుకుని తల దించుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆ గుమ్మంలో అన్ని మాటలు పడినవాడికి కూడా ఆ మాట మింగుడు పడలేదు. భాగ్యశ్రీ పిల్లని ఇంకో భుజానికి మార్చుకుంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే పిల్ల వీపు మీద చెయ్యి వేసి నిమురుతూ అలాగే నిలబడింది. తరవాత మొగుడికి ఫోను చేసి కారు తెమ్మంది.

ఉషశ్రీ డాక్టరు పిల్లని చూడగానే మొహం మార్చింది. వేలికి క్లిప్పు పెట్టి చూసి, ఫర్వాలేదు అంది కానీ ఆ అనడంలో ధీమా లేదు. "మందు రెండు పూటలా సరిగ్గా పడిందా?"

"పడిందండీ. అత్తయ్యగారే కొలిచి వేశారు" అంది భాగ్యశ్రీ. పొద్దున అంత మాట పడిన పిల్ల, ఆ మాట మాత్రం తడుముకోకుండా చెప్పింది.

"అయిదు రోజులు సరైన మోతాదు పడినా తగ్గలేదంటే జబ్బు ఈ మందుకి లొంగదన్నమాట. పెద్ద మందుకి వెళ్ళాలి. చేతికి సూది పెట్టి నరంలోకి ఎక్కిస్తాం. ఎక్కువ రోజులే ఉండాల్సి వస్తుంది." డాక్టరు కాగితం మీద రాయడం మొదలుపెట్టింది. నర్సు సామాను తేవడానికి వెళ్ళింది.

కనకరత్నం ఇంక ఆగలేదు. సంచిలో సీసా ఉంది. ఆ షాపువాడి నిజం ఇవాళ తేల్చేస్తానని మెట్లు దిగింది.

పాండురంగారావు ముందు సీసాని ఠపీమని పెట్టింది. "చూడండి రావుగారూ. రంగు లేదు, చేదు లేదు. ఇదేం మందండీ? పసిపిల్లల ప్రాణాలతో ఆటలా? పైన నా మనవరాలికి సూదులు పెడుతున్నారు."

షాపులో ఉన్న ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగారు. పాండురంగారావు సీసా చేతిలోకి తీసుకున్నాడు. వెలుతురుకి పెట్టి చూశాడు. తరవాత కళ్ళజోడు పైనుంచి ఆవిడని చూశాడు. ఆ చూపు కనకరత్నం పోల్చుకుంది. తను వెంకట్రాజుని చూసే చూపే అది.

"ఇది ఎప్పుడు కలిపారండీ?"

"మీ దగ్గర కొన్న రోజే."

"మూడు రోజుల మందు ఇది. ఇవాళ్టికి రెండో సీసా కూడా సగం అవ్వాలి. ఇదింకా నిండుగా ఉంది. పాపకి వేస్తున్నారా, వెయ్యట్లేదా?"

"వెయ్యకపోవడమేంటండీ. రెండు పూటలా, పూటకి ఐదు. నా చేత్తో."

"వేస్తే నిండుగా ఎలా ఉందండీ?"

"తగ్గకూడదన్నారు కదండీ మీరే. రెండుసార్లు చెప్పారు. తీసినంత పోస్తున్నాను, రోజూ పొద్దున్నే, బాణం గుర్తు దాకా. మా తరవాణి కుండలో పోసినట్టే."

పాండురంగారావు సీసాని మెల్లగా బల్ల మీద పెట్టాడు. కోపం రాలేదు ఆయనకి. స్టూలు ముందుకి జరిపి కూర్చోమన్నాడు. "అమ్మగారూ, తరవాణికి ఎంత గంజి పోసినా అది లోపల మళ్ళీ పులుస్తుంది. మళ్ళీ బలం తెచ్చుకుంటుంది. మందు పులవదు. ఇది తరవాణి కాదండీ. పాలు."

ఆ ఒక్క మాట చాలు. కనకరత్నం చెయ్యి బల్ల మీద అలాగే ఉండిపోయింది.

ఆయన ఒక మందుపెట్టె అట్ట చింపి వెనకవైపు రాయడం మొదలుపెట్టాడు. "సీసా మొత్తం ముప్ఫై మిల్లీలీటర్లు. ఐదుకి రెండు వందలు కాబట్టి మొత్తం మీద పన్నెండు వందల మందు. మొదటి రోజు పది తీశారు, నాలుగు వందలు పాప లోపలికి వెళ్ళింది. సీసాలో మిగిలింది ఎనిమిది వందలు. ఆ ఖాళీలో మీరు నీళ్ళు పోశారు. ఇప్పుడు ముప్ఫైలో ఉన్నది ఎనిమిది వందలే. కాబట్టి రెండో రోజు మీరు ఐదు కొలిస్తే అందులో ఉన్నది…"

"మూడింట రెండు వంతులు" అంది కనకరత్నం. జీవితమంతా బిందె పాలల్లో ఎన్ని చెంబుల నీళ్ళు పడ్డాయో లెక్క కట్టిన మనిషి. ఎవరూ చెప్పక్కర్లేదు. "నూట ముప్ఫై మూడు. మర్నాడు దాంట్లో మళ్ళీ రెండు వంతులు. తొంభై లోపు. ఆ మర్నాడు అరవై." ఆగింది. "ఇవాళ పొద్దున వేసింది నలభై అండీ. రెండు వందలు పడాల్సిన చోట నలభై."

"అవునండీ" అన్నాడు ఆయన.

"గీత దగ్గరికి వంగి చూసి మరీ కొలిచానండీ."

"కొలతలో మీ తప్పు లేదండీ. నీళ్ళు మొదటిరోజే, ఆ తరవాత పొయ్యకూడదని నేను చెప్పాల్సింది. రెండుసార్లు చెప్పినా ఆ మాట చెప్పలేదు." కొత్త సీసా ఒకటి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆ పైన గొంతు తగ్గించి అన్నాడు. "పైన మీకు చెప్పడం కష్టంగా ఉంటే నేను వచ్చి చెబుతాను. కానీ చెప్పాలండీ. చెప్పకపోతే మందే పనిచెయ్యలేదనుకుంటారు."

"వద్దులెండి" అంది కనకరత్నం.

కొత్త సీసా, ఆ అట్ట ముక్క పట్టుకుని మెట్లెక్కింది. ముప్ఫై ఏళ్ళు వెంకట్రాజునీ, అంతకు ముందు వాళ్ళ నాన్ననీ, వీధిలో నిలబెట్టి కడిగేసింది. వాళ్ళు పాలల్లో పోశారు. తను పసిదాని మందులో పోసింది. పైగా ఆ నేరం ఎవరి మీద వేసింది?

గదిలో లహరి తల్లి ఒళ్ళో ఉంది. చిన్న చేతికి అట్టముక్క కట్టి నర్సు నరం కోసం వెతుకుతోంది. పిల్ల ఏడవడానికి కూడా ఊపిరి చాలక మూలుగుతోంది. భాగ్యశ్రీ తలెత్తింది.

"ఏమన్నాడు అత్తయ్యగారూ? మందు నకిలీదేనా?"

ఎంత సులువుగా దారి దొరికిందో చూడండి. ఒక్క తల ఊపు చాలు. షాపువాడు మెట్లెక్కి రాడు. కోడలు నమ్ముతుంది, కొడుకు నమ్ముతాడు, పెదపాడు మొత్తం నమ్ముతుంది. కనకరత్నం మాటంటే అందరికీ నమ్మకమే, ఆవిడ ఎవరినీ నమ్మదు కాబట్టి.

"సూది ఆపమ్మా" అంది నర్సుతో. డాక్టరు తిరిగి చూసింది. "మందు మంచిదేనండీ. నేను నీళ్ళు పోశాను. రోజూ తీసినంత పోశాను. ఇవాళ పొద్దున దాని కడుపులోకి వెళ్ళింది నలభై మిల్లీగ్రాములు. నిన్న అరవై. మొదటి రోజొక్కటే నిండు మోతాదు పడింది." అట్ట ముక్క డాక్టరు ముందు పెట్టింది.

డాక్టరు అట్ట చదివింది. కలం పక్కన పెట్టింది. మళ్ళీ పిల్ల వేలికి క్లిప్పు పెట్టి చూసింది, గొట్టంతో గుండె విన్నది. "అయితే జబ్బు మందుకి లొంగకపోవడం కాదు, అసలు మందే అందలేదు. ఇది చెప్పకపోయి ఉంటే అక్కర్లేని పెద్ద మందు ఎక్కించేవాళ్ళం. ఇప్పుడే నిండు మోతాదు వేద్దాం. రేపటి దాకా ఇక్కడే కనిపెట్టి చూస్తాను. తగ్గితే అదే మందుతో ఇంటికి పంపిస్తాను."

కొత్త సీసాలో నర్సే నీళ్ళు కలిపింది. లహరి మొహం చిట్లించి, నాలుక బయటపెట్టి, నాయనమ్మ చీర మీద కొంత ఉమ్మింది. ఆ చేదుకి ఆ పిల్ల వేసిన వికారపు మొహం చూసి కనకరత్నం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"వెంకట్రాజు ముందు నిన్ను అనరాని మాట అన్నానమ్మాయ్" అంది కాసేపటికి.

"ముందు దీనికి తగ్గనివ్వండి అత్తయ్యగారూ" అంది భాగ్యశ్రీ. మొహం ఇటు తిప్పలేదు. క్షమించానని అనలేదు, అనమని అడిగే మొహం ఈవిడకీ లేదు.

మర్నాటికి పిల్ల డొక్కలు ఎగరెయ్యడం తగ్గింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చేశారు. స్టీలు డబ్బా తీసి కనకరత్నం కోడలి చేతికిచ్చింది. మర్నాడు పొద్దున వెంకట్రాజు వచ్చాడు. ఈవిడ గిన్నె పట్టింది, ఆయన పాలు పోశాడు. గోటి మీద చుక్క వేసుకోబోయి ఒక్క క్షణం ఆగింది. ఆ తరవాత వేసుకుంది. అలవాటు అంత తొందరగా పోతుందా? చుక్క నిలబడింది. "మొన్న నా కోడల్ని అన్నది తప్పు వెంకట్రాజూ. మందులో నీళ్ళు పోసింది నేనే. నలుగురికీ చెప్పు" అంది. వెంకట్రాజు క్యాను మూత బిగించుకుని వెళ్ళిపోయాడు. ఎవరికీ చెప్పనే లేదు, ఆ మాట కూడా ఆవిడే అందరికీ చెప్పుకుంది.

ఇంకో మూడు రోజులు గడిచాయి. రెండో సీసా కూడా అవ్వవచ్చింది. దగ్గు పల్చబడింది. పొద్దున భాగ్యశ్రీ స్కూలుకి తయారవుతూ గదిలోంచి పిలిచింది. "అత్తయ్యగారూ, నేను జడ వేసుకుంటున్నాను. మందు టైమైంది. మీరు వేసెయ్యరూ?"

కనకరత్నం వంటింట్లో తరవాణి కుండలో గంజి పోస్తోంది. ఆ మాట తనతోనేనా అని ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. చేతులు తుడుచుకుని ఫ్రిజ్ తెరిచింది. సీసాలో మందు అడుగుకి వచ్చేసింది. గుర్తు పైన ఎక్కడో ఉంది, గులాబీ రంగు కింద ఎక్కడో ఉంది. అంత వెలితి సీసా చూస్తే ఆవిడకి ఎలాగో అనిపించింది. ఐదు కొలిచింది. లహరి మొహం చిట్లించి మింగింది. మూత బిగించబోతుంటే ఎడమచెయ్యి తనంతట తానే గట్టు మీదికి వెళ్ళింది. అక్కడ చల్లార్చిన నీళ్ళ గ్లాసుంది. చెయ్యి గ్లాసుని పట్టుకుంది కూడా.

కనకరత్నం ఆ చేతికేసి చూసింది, కాటా దగ్గర కాళ్ళకేసి చూసినట్టు.

"అమ్మాయ్" అని పిలిచింది. "ఒకసారి ఇలా వచ్చి ఈ గ్లాసు ఇక్కడినుంచి తీసుకెళ్ళు. నా మీద నాకు నమ్మకం లేదు."